ఆకలి లేకపోయినా పప్పు మానకండి



ఈమధ్య ఒక ఆదివారం ఆరాధనలో, నా ముందు వరుసలోని ఒక అమ్మ మోకాళ్ళ ప్రార్థన అయ్యాక లేవలేకపోయారు. బెంచీ పట్టుకొని, పక్కవారి చెయ్యి ఆనుకొని లేచారు. అయిదు నెలల్లో పన్నెండు కిలోలు తగ్గారని సంఘమంతా మెచ్చుకుంటున్న మనిషి! బయటికి వచ్చాక అడిగితే, "వారానికొక సూది, సిస్టర్. ఆకలే లేదు. పొద్దున టీ బిస్కెట్లు, మధ్యాహ్నం నాలుగు ముద్దలు చారన్నం, అంతే" అన్నారు సంతోషంగా. నాకు మాత్రం సంతోషం కలగలేదు.

2025లో మౌంజారో, వెగోవీ మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. ఇవి ఆకలిని తగ్గిస్తాయి, తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలిచేలా చేస్తాయి. డాక్టరు చూసి ఇస్తే మంచి మందులే. కాని తగ్గేది కొవ్వు ఒక్కటే కాదు. పరిశోధనల్లో, తగ్గిన బరువులో సుమారు పావు వంతు నుండి 40 శాతం వరకు కండ వంటి కొవ్వుకానిదే ఉన్నట్లు తేలింది. బరువు తూచే మిషనుకు ఈ తేడా తెలియదు. మోకాళ్ళకు తెలుస్తుంది.

విద్యానగర్ నుండి యూనివర్సిటీ దాటితే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1958లో కూనూరు నుండి ఇక్కడికి వచ్చింది. వారి లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకు రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు, అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు కావాలి. బరువు తగ్గుతున్నవారికి ఇంకా కొంచెం ఎక్కువే. ఆ అమ్మ తినేదానిలో పదిహేను గ్రాములైనా ఉండవు.

ఒక గుడ్డులో 6 గ్రాములు. 30 గ్రాముల కందిపప్పులో 6, అంతే వేరుశనగల్లో 7, మీల్ మేకర్‌లో సుమారు 15. ఖరీదైన పౌడరు డబ్బాల కోసం పరుగెత్తనక్కరలేదు. కంచంలో వరుస మార్చితే చాలు. అన్నం కుప్పగా పోసుకొని నంజుకోవడం మన అలవాటు. ఈ మందు వాడేవారు ముందు గుడ్డో, చేపముక్కో, గట్టి పప్పో తిని, కడుపులో చోటు మిగిలితే అన్నం తినాలి. వికారంగా ఉన్న రోజున వేపుళ్ళు మాని, కొంచెం కొంచెంగా నాలుగైదుసార్లు తినండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా మాంసకృత్తులు పెంచవద్దు.

ఇంకొక మాట, కొందరికి నచ్చకపోవచ్చు. ఆకలి వేయడం లేదు గనుక ఉపవాస ప్రార్థన సులువైందని ఇద్దరు ముగ్గురు నాతో అన్నారు. ఈ సూది తీసుకుంటూ రోజంతా ఏమీ తినకుండా ఉండవద్దని నా గట్టి అభిప్రాయం. ఇన్సులిన్ గాని, షుగరు బిళ్ళలు గాని కూడా వాడేవారైతే కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదముంది. వారు టీవీని ఉపవాసం పెట్టవచ్చు.

ఆ అమ్మ ఇప్పుడు పొద్దున బిస్కెట్లకు బదులు రెండు గుడ్లు తింటున్నారు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చుంటున్నారు. మోకాళ్ళ ప్రార్థన తరువాత మాత్రం ఇంకా బెంచీ పట్టుకొనే లేస్తున్నారు.