మీట ఎవరి చేతిలో?

2023 మే 3న మణిపూర్‌లో హింస చెలరేగింది. వెంటనే ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆ మరునాడు ఇద్దరు మహిళలను వివస్త్రలను చేసి ఊరేగించిన దారుణం దేశానికి తెలిసింది జులై మూడో వారంలో, వీడియో బయటపడిన తరువాతనే. వదంతులను అరికట్టడానికే నిలిపివేత అన్నది ప్రభుత్వాల వాదన. కానీ ఆ రెండున్నర నెలల్లో హింస ఆగలేదు, దాని ఆనవాళ్లు మాత్రమే మరుగున పడ్డాయి.

ఇంత పెద్ద ప్రాంతాన్ని ఇంత తేలికగా మూగగా మార్చడం ఎలా సాధ్యమవుతోంది? ఒకే ఇంట్లో పక్క గదిలో ఉన్నవారికి పంపే సందేశం కూడా టవర్‌కు, అక్కడి నుంచి టెలికం సంస్థకు, ఎక్కడో ఉన్న సర్వర్‌కు వెళ్లి తిరిగి రావలసిందే. టెలికం సంస్థలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. వాటికి ఒక హోంశాఖ కార్యదర్శి ఉత్తర్వు అందితే చాలు. నిరవధిక నిలిపివేత చెల్లదని, ప్రతి ఉత్తర్వునూ ప్రచురించాలని అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరి 10న స్పష్టం చేసింది. అయినా యాక్సెస్ నౌ సంస్థ లెక్క ప్రకారం 2024లో దేశంలో 84 సార్లు ఇంటర్నెట్ ఆగింది. ఆ ఏడాది భారత్ కంటే ముందున్నది సైనిక పాలనలోని మయన్మార్ ఒక్కటే, 85తో.

ఈ కేంద్రీకరణకు ప్రత్యామ్నాయమే పీర్ టు పీర్ సమాచార వ్యవస్థ. దాని నిర్మాణానికి మూలస్తంభాలు నాలుగు. మొదటిది గుర్తింపు: ఫోన్ నంబరుతో పని లేకుండా, వినియోగదారుని పరికరంలోనే పుట్టిన బహిరంగ తాళం అతని చిరునామా అవుతుంది. రెండోది అన్వేషణ: మధ్యవర్తి సాయం లేకుండా బ్లూటూత్ ద్వారానో వైఫై ద్వారానో పరికరాలు ఒకదానినొకటి కనుగొంటాయి. మూడోది చేరవేత: దారిలోని ప్రతి ఫోనూ సందేశాన్ని దాచుకొని, వీలు చిక్కినప్పుడు మరో ఫోనుకు అందిస్తుంది. నాలుగోది గోప్యత: మోసుకెళ్లేవాడు ఉత్తరాన్ని చదవలేడు. నాలుగూ కుదిరితే నొక్కి ఆపడానికి ఒక్క మీట అంటూ ఉండదు.

ఇది ఊహ కాదు. 2014లో హాంకాంగ్ ఉద్యమకారులు ఫైర్‌చాట్‌ను, 2019లో బ్రిడ్జిఫైని ఆశ్రయించారు. అయితే బ్రిడ్జిఫైలో సందేశాలను చదవవచ్చని, వాడేవారి జాడ పట్టవచ్చని 2020లో లండన్ పరిశోధకులు నిరూపించారు. మొదటి మూడు స్తంభాలు నిలబడి నాలుగోది కూలితే ఆశ్రయమే వల అవుతుంది. కనుక ఇలాంటి సాధనాల కోడ్ బహిరంగంగా ఉండాలి, స్వతంత్ర పరీక్షకు నిలవాలి.

భారత ప్రభుత్వ వైఖరి మరో దిశలో సాగింది. ఉగ్రవాదులు వాడుతున్నారన్న కారణంతో 2023 మే నెలలో ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కింద 14 యాప్‌లను నిషేధించింది. ఇంటర్నెట్ లేకున్నా పనిచేసే బ్రయర్ వాటిలో ఒకటి. ఎలిమెంట్ మరొకటి. అది నడిచేది మేట్రిక్స్ మీద. ఎవరైనా సొంత సర్వర్ పెట్టుకొని చేరగల వ్యవస్థ అది. ఫ్రాన్స్ ప్రభుత్వం తన ఉద్యోగుల కోసం ట్చాప్ అనే సందేశ సేవను నిర్మించుకున్నది ఆ మేట్రిక్స్ పునాది మీదనే.

భద్రతా సంస్థల ఆందోళనను కొట్టిపారేయలేము. సరిహద్దు ఆవలి సూచనలు కశ్మీర్‌లో ప్రాణాలు తీశాయి. కానీ నిషేధం ఎవరిని ఆపుతుంది? బ్రయర్‌ను ఒక ఫోను నుంచి మరో ఫోనుకు నేరుగా ఇచ్చిపుచ్చుకోవచ్చు. పట్టుదల ఉన్న నేరగాడికి అది దొరుకుతుంది. దొరకనిది యాప్ స్టోర్ తప్ప వేరే దారి తెలియని విద్యార్థికి, నర్సుకు, విలేకరికి. అనుమానితుని మీద దర్యాప్తు జరపాలి గాని, సాధనం మీద కాదు.

అలాగని సాంకేతికతే హక్కును కాపాడుతుందనుకోవడం భ్రమ. బ్లూటూత్ కొన్ని పదుల మీటర్లకే అందుతుంది. కిక్కిరిసిన కూడలిలో సందేశం పరుగెత్తుతుంది, విసిరేసినట్టున్న కొండ పల్లెల మధ్య మోసే మనిషి వచ్చేదాకా ఆగిపోతుంది. పైగా ఈ వల ముందే అల్లి ఉండాలి. నిలిపివేత మొదలయ్యాక యాప్ దింపుకోవడం వీలుకాదు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు మొబైల్ సేవలు కుప్పకూలాయి. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియక జనం తల్లడిల్లారు. అప్పుడు మీట నొక్కింది ప్రభుత్వం కాదు, గాలి. కేంద్రం మీదే ఆధారపడిన వ్యవస్థ రెండు సందర్భాల్లోనూ ఒకే విధంగా కూలుతుంది. విపత్తు నిర్వహణ కోసమైనా ఈ సాధనాలను అనుమతించి, పరీక్షించి, ప్రజలకు అలవాటు చేయడం ప్రభుత్వ బాధ్యత. 14 యాప్‌లపై నిషేధాన్ని ఒక్కొక్కటిగా సమీక్షించి, కారణాలను బయటపెట్టడం దానికి తొలిమెట్టు.

ఆ పని జరగనంత కాలం, మణిపూర్‌లో జరిగింది దేశానికి ఎప్పుడు తెలియాలో నిర్ణయించే అధికారం ఒక ఉత్తర్వు మీద సంతకం చేసే చేతిలోనే ఉంటుంది.