దించుకోలేని వారి నెత్తిన చమురు భారం

ఉత్తరప్రదేశ్ సహా అయిదు రాష్ట్రాల ఎన్నికల ఫలితాలు 2022 మార్చి 10న వెలువడ్డాయి. అప్పటికి నాలుగు నెలలుగా పెట్రోల్, డీజిల్ ధరల్లో కదలిక లేదు. మార్చి 22న అవి కదిలాయి. రోజుకు 80 పైసల చొప్పున పెరుగుతూ ఏప్రిల్ 6కల్లా లీటరుకు పది రూపాయలు ఎక్కాయి. ఆ తర్వాత వారం పది రోజుల్లోనే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీలు రెండూ డీజిల్ సెస్సు వేశాయి. పల్లెవెలుగు టికెట్టుపై రెండు రూపాయలు, ఎక్స్‌ప్రెస్ టికెట్టుపై అయిదు రూపాయలు పెరిగాయి. ఆ నెల చిల్లర ద్రవ్యోల్బణం 7.79 శాతానికి చేరింది. ఎనిమిదేళ్లలో అదే అత్యధికం. మే 4న రిజర్వు బ్యాంకు రెపో రేటును 4 నుంచి 4.40 శాతానికి పెంచింది, మరుసటి ఏడాది ఫిబ్రవరికి దాన్ని 6.50కి తీసుకెళ్లింది. ద్రవ్యోల్బణానికి చమురొక్కటే కారణం కాదు. ఉక్రెయిన్ యుద్ధంతో వంటనూనె, గోధుమల ధరలూ మండాయి. అయినా బంకులో మొదలైన పెరుగుదల బస్సు టికెట్టు దాకా, ఇంటి రుణం వాయిదా దాకా ఎంత వేగంగా పాకుతుందో ఆ ఆరు వారాలు చూపించాయి.

కుటుంబానికి మొదట కనిపించేది బండిలో పోసుకునే పెట్రోల్. రోజుకో లీటరు తాగే మోటార్ సైకిల్‌కు లీటరు పది రూపాయలు పెరిగితే నెలకు మూడు వందలు అదనం. నెలకు పదిహేను వేలు తెచ్చే ఇంట్లో ఆ మూడు వందలు కూరగాయల్లోంచో, పిల్లల ట్యూషన్ ఫీజులోంచో పోవాల్సిందే. కానీ అసలు దెబ్బ డీజిల్‌ది, అది కంటికి కనిపించదు. 2012 ప్రాతిపదికన లెక్కించిన వినియోగదారుల ధరల సూచీలో పెట్రోల్‌కు రెండు శాతానికి పైగా బరువుంటే డీజిల్‌కు ఇచ్చింది 0.15 శాతమే. ఇంటివాళ్లు డీజిల్ కొనరు కనుక సూచీ తప్పేమీ కాదు. అయితే దేశంలో వాడే పెట్రోలియం ఉత్పత్తుల్లో దాదాపు నలభై శాతం డీజిలే. లారీ, ట్రాక్టర్, వరికోత మిషన్, వేట బోటు, కరెంటు పోతే రొయ్యల చెరువు దగ్గర ఏరియేటర్లను తిప్పే జనరేటర్ అన్నీ దాని మీదే నడుస్తాయి. బియ్యం, టమాటా, చేప, సిమెంటు ధరల్లో కలిసిపోయి డీజిల్ మన ఇంటికొస్తుంది.

ఇక్కడ ఆగి ఒక సంగతి నిదానంగా చూడాలి. ధర పెరిగినప్పుడు ప్రతివాడూ ఆ భారాన్ని పక్కవాడి మీదికి దించుకోవాలనే చూస్తాడు. అందరికీ అది సాధ్యం కాదు. మదనపల్లె నుంచి టమాటా లోడు చెన్నైకో ఢిల్లీకో తీసుకెళ్లే లారీ యజమాని కిరాయి పెంచుతాడు. వ్యాపారి ఆ కిరాయిని రెండు వైపులకూ పంచుతాడు. పట్నంలో అమ్మే ధర కొంత పెంచుతాడు, యార్డులో వేలం పాట కొంత తగ్గిస్తాడు. రైతు మాత్రం దుక్కి ఖర్చు పెరిగింది, కోత కూలి పెరిగింది, పెట్టెకు ఇంత ఇవ్వండి అని అడగలేడు. అడిగినా వినేవారుండరు. తెల్లారేసరికి సరుకు మెత్తబడుతుంది, పాట ఎంతకు ఆగితే అంతకే ఇచ్చి ఇంటిదారి పట్టాలి. వినియోగదారుడిగా నూనె, పప్పు దగ్గర ఒకసారి, ఉత్పత్తిదారుగా యార్డులో మరోసారి అతడే చెల్లిస్తున్నాడు.

షేర్ ఆటో నడిపేవారికీ అంతే. పది రూపాయల సీటును పన్నెండు చేస్తే ఎక్కేవారు తగ్గుతారు, కనుక మరో ఇద్దరిని ఇరికించి లెక్క సరిచేసుకుంటారు. తిండి, సరుకులు మోసే డెలివరీ కుర్రాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. ఆర్డరుకు ఎంతివ్వాలో నిర్ణయించేది కంపెనీ, పెట్రోల్ మాత్రం కుర్రాడి జేబులోంచి. వేట బోట్లకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డీజిల్ రాయితీని 2019లో లీటరుకు తొమ్మిది రూపాయలు చేసినప్పుడు విశాఖలో డీజిల్ ధర ఎనభైకి లోపే. 2022 ఏప్రిల్‌కు వంద దాటిపోయింది. ప్రభుత్వ ఉద్యోగులకు ధరల సూచీని బట్టి కరువు భత్యం పెరుగుతుంది. అది న్యాయమే, ఎవరూ తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఈ దేశంలో పనిచేసేవారిలో అత్యధికులకు అలాంటి ఏర్పాటేదీ లేదు. చమురు ధర గురించి మాట్లాడేటప్పుడు మొదట గుర్తుకు రావాల్సింది వీరే.

ధర మన చేతిలో లేదు, అంతర్జాతీయ మార్కెట్‌లో ఉందన్నది ఏ ప్రభుత్వమైనా చెప్పే మాట. వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశంలో అందులో నిజముంది. అది సగం నిజం. 2014లో పెట్రోల్‌పై కేంద్ర ఎక్సైజ్ సుంకం లీటరుకు 9.48 రూపాయలు, డీజిల్‌పై 3.56 రూపాయలు. ముడిచమురు బ్యారెల్ వంద డాలర్ల పైనుంచి ముప్ఫైకి జారిన కాలంలో, అంటే 2014 నవంబరు, 2016 జనవరి మధ్య సుంకాన్ని తొమ్మిది సార్లు పెంచి 21.48కి, 17.33కి చేర్చారు. 2020లో కొవిడ్ దెబ్బకు బ్రెంట్ చమురు ఇరవై డాలర్ల లోపుకు పడిపోయింది. ఆ మార్చిలో, మేలో పెంచిన సుంకాలతో పెట్రోల్‌పై ఎక్సైజ్ దాదాపు 33 రూపాయలు, డీజిల్‌పై దాదాపు 32 రూపాయలు అయింది. లాక్‌డౌన్‌లో పని పోయిన మనిషికి అందాల్సిన చవక చమురు ఖజానా దగ్గరే ఆగిపోయింది. 2021 నవంబరులో, 2022 మేలో కొంత తగ్గించారు, 2025 ఏప్రిల్‌లో మళ్లీ రెండు రూపాయలు పెంచారు. మార్కెట్ పెరిగితే ప్రజలది, తగ్గితే ప్రభుత్వానిది అనే పద్ధతి పదేళ్లుగా సాగింది.

ఎన్నికల సంగతీ ఇందులో భాగమే. 2017 జూన్ నుంచి ధరలను రోజువారీగా సవరించే విధానం అమల్లోకి వచ్చినా, ఓట్ల సమయంలో అది స్తంభించడం పదేపదే చూశాం. 2022 మే తర్వాత ముడిచమురు దిగివచ్చినా బంకు ధర దాదాపు రెండేళ్లు కదల్లేదు. 2023-24లో మూడు ప్రభుత్వ రంగ చమురు కంపెనీలకు కలిపి దాదాపు 81 వేల కోట్ల రూపాయల లాభం వచ్చింది. లీటరుకు రెండు రూపాయల తగ్గింపు 2024 మార్చి 15న అమల్లోకి రాగా, లోక్‌సభ ఎన్నికల షెడ్యూలు మరునాడే వెలువడింది. అంతకుముందు ధరలు బిగపట్టినప్పుడు కంపెనీలకు నష్టాలొచ్చాయి, వాటిని పూడ్చుకోవాలన్న వాదన ఉంది. పూడ్చుకున్నాక ఏం చేయాలన్న నియమం మాత్రం ఎక్కడా రాసిలేదు.

రాష్ట్రాలకూ ఇందులో వాటా ఉంది. తెలంగాణలో పెట్రోల్‌పై వ్యాట్ 35.20 శాతం, డీజిల్‌పై 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్‌పై 31 శాతం, దాని మీద లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను, రూపాయి రోడ్డు సెస్సు. శాతాల్లో వేసే పన్ను కనుక ధర పెరిగితే రాష్ట్ర రాబడి ఎవరూ నిర్ణయించకుండానే పెరుగుతుంది. 2025 ఏప్రిల్ పెంపు తర్వాతి లెక్క తీస్తే హైదరాబాద్‌లో 107 రూపాయల చిల్లర అయిన లీటరు పెట్రోల్‌లో కేంద్రానికి దాదాపు 22, రాష్ట్రానికి దాదాపు 28 రూపాయలు పోయాయి. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించాక చాలా రాష్ట్రాలు తమ వ్యాట్ తగ్గించాయి, రెండు తెలుగు రాష్ట్రాలూ తగ్గించలేదు. కాకినాడ పక్కనున్న యానాంలో బంకుల దగ్గర రద్దీ, కర్ణాటకలో ట్యాంకు నింపుకుని వచ్చే లారీలు దాని ఫలితాలే. అక్కడ నింపిన లీటరుపై మన ఖజానాకు పైసా రాదు.

అయితే రాష్ట్రాల ఇబ్బందినీ అర్థం చేసుకోవాలి. జీఎస్టీ వచ్చాక సొంతంగా పన్ను నిర్ణయించుకోగల పెద్ద వనరుల్లో వారికి మిగిలినవి మద్యం, చమురు, రిజిస్ట్రేషన్లు. 2025 ఏప్రిల్ పెంపు తర్వాత పెట్రోల్‌పై కేంద్రం వసూలు చేసిన 21.90 రూపాయల్లో రాష్ట్రాలతో పంచుకోవాల్సిన ప్రాథమిక ఎక్సైజ్ 1.40 రూపాయలే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు, వాటిలో వాటా లేదు. చమురును జీఎస్టీలోకి తెచ్చే మాట 2021 సెప్టెంబరులో లక్నో మండలి సమావేశంలో వచ్చి అక్కడే ఆగింది. త్వరలో కదులుతుందనీ నేననుకోను.

పన్ను ఎక్కువుంటే వాడకం తగ్గి కాలుష్యం తగ్గుతుందన్న వాదనను గౌరవిస్తాను. మెట్రో రైలు పక్కనున్న కారుకు అది వర్తిస్తుంది. రోజుకు రెండే బస్సులొచ్చే ఊళ్లో వర్తించదు. అక్కడ పన్ను అలవాటును మార్చదు, తిండిని తగ్గిస్తుంది. అందుకే ఉపశమనం గుడ్డిగా లీటరు మీద కాకుండా భారం దించుకోలేని వారి వైపు వెళ్లాలి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం ఆ దారిలో వేసిన మంచి అడుగు. ఇళ్లలో పనిచేసే స్త్రీలు, కూరగాయలమ్మేవారు నెలకు మిగుల్చుకునేది ఏ సుంకం తగ్గింపూ ఇవ్వలేదు. దానికి తగినన్ని బస్సులు కొనాలి. ఆర్టీసీ డీజిల్‌పై వ్యాట్ తగ్గించాలని కార్మిక సంఘాలు ఏళ్లుగా అడుగుతున్నాయి, అది చేయాలి. సరుకు రవాణా కోసమైనా డీజిల్ వ్యాట్‌ను శాతం నుంచి లీటరుకు స్థిరమైన మొత్తంగా మార్చాలి. కేంద్రం తన వంతుగా ముడిచమురు ఫలానా ధర దాటితే సుంకం ఇంత తగ్గుతుంది, దిగితే ఇంత పెరుగుతుందని ముందే రాసి ప్రకటించాలి. చవక రోజుల్లో ఖజానా నిండటంలో తప్పులేదు, ఖరీదైన రోజుల్లో అదే ఖజానా అడ్డుపడాలి.

వంటగ్యాస్ విషయంలో ఇంకా చిన్న పని సరిపోతుంది. 2020 మధ్య నుంచి సాధారణ కుటుంబాలకు రాయితీ ఆగిపోయింది. హైదరాబాద్‌లో 2023 మార్చికి సిలిండర్ 1,155 రూపాయలైంది, 2025 ఏప్రిల్ సవరణ తర్వాత 905. తెలంగాణ 500 రూపాయల సిలిండర్, ఆంధ్రప్రదేశ్ ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు ప్రకటించి నడుపుతున్నాయి. కానీ రెండు చోట్లా పూర్తి ధర ముందు కట్టాలి, రాయితీ తర్వాత ఖాతాలో పడుతుంది. ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునే ఇంట్లో తొమ్మిది వందలు ఒకేసారి చేతిలో ఉండటమే సమస్య. అవి లేని రోజున కట్టెల పొయ్యి వెలుగుతుంది, ఆ పొగ మింగేది ఆ ఇంటి ఆడవాళ్లే. సిలిండర్ దించే చోటే రాయితీ మినహాయించి, మిగిలిన డబ్బే తీసుకునేలా చమురు కంపెనీలతో ఒప్పందం చేసుకోవడానికి కొత్త చట్టం అక్కర్లేదు. రెండు ప్రభుత్వాలూ ఈ పని వెంటనే మొదలుపెట్టవచ్చు.