కండ్లద్దములు సిగ్గుపడవలసినవి కావు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములనుండియు, వాని చుట్టుపట్ల పల్లెలనుండియు మా పాఠశాలకు వచ్చు బాలబాలికలలో కొందఱు నల్లబల్లమీది యక్షరములు కానరాక, ప్రక్కవారి పుస్తకము చూచి వ్రాసికొనుచున్నారు. అద్దములు పెట్టింపుడని చెప్పినయెడల, 18 ఏండ్లు నిండగనే లేజరు చేయింతుము, అంతవఱకెట్లో గడచునని తలిదండ్రులు బదులు చెప్పుచున్నారు. ఆడపిల్లల విషయమున పెండ్లి సంబంధముల భయముకూడ దీనికి తోడగుచున్నది. ఈ యాలోచన సరియైనది కాదని మా యభిప్రాయము.

లేజరు చికిత్సను మేము నిందింపము. మదరాసున జన్మించిన శాస్త్రజ్ఞుడు రంగస్వామి శ్రీనివాసన్ 1981లో అమెరికాలో తన సహచరులతో గూడి, ఎక్సైమర్ లేజరు కిరణము చుట్టుప్రక్కల కాల్పకయే జీవకణజాలమును మిక్కిలి సూక్ష్మముగా తొలగింపగలదని కనుగొనెను. నేటి చికిత్సకు అదియే పునాది. నల్లగ్రుడ్డుపైనుండు కార్నియా యను పారదర్శకమైన పొర నడుమ సుమారు అర మిల్లీమీటరు మందముండును. దానిని ఆ కిరణముతో చెక్కి వంపును సవరింతురు.

అయితే దూరపుచూపు మందగించినవారికి సాధారణముగా కనుగ్రుడ్డు నిడివి పెరిగియుండును. లేజరు ముందుపొరను సవరించునే కాని యా నిడివిని తగ్గింపదు. కావున నంబరు ఎక్కువగా నున్నవారికి రెటీనా విషయమున గల యపాయము అద్దములు తీసివేసినను తొలగదు. 40 ఏండ్లు దాటిన పిమ్మట చదువుటకు అద్దములు మరల కావలసిరావచ్చును. మఱియు 18 ఏండ్లు నిండినంత మాత్రమున చాలదు. కనీసమొక యేడాది నంబరు నిలకడగా నుండవలెను. కార్నియా మిక్కిలి పలుచనైనవారికి వైద్యులే వలదందురు.

ఇట్టి చికిత్సకై 10 ఏండ్ల బాలిక 8 ఏండ్లు మసకచూపుతో వేచియుండుట న్యాయమా? పోయిన చదువును ఏ లేజరు తిరిగి తెచ్చును? చిన్ననాట ఒక కంటి నంబరు మిక్కిలి హెచ్చుగానుండి అద్దములు లేకున్నచో, ఆ కంటిచూపే మందగించి, పిదప బాగుచేయుట కష్టమగును.

తెలంగాణ ప్రభుత్వము 2018లోను 2023లోను ప్రారంభించిన కంటివెలుగు శిబిరములలో మన యూళ్ల పెద్దలు వరుసలలో నిలిచి అద్దములు పుచ్చుకొనిరి. తాతకు లేని సిగ్గు మనుమరాలికేల?

తలిదండ్రులారా, ఏటేట పిల్లల కండ్లు పరీక్ష చేయింపుడు. విద్యార్థులారా, అద్దములు పెట్టుకొన్న తోటివారిని సోడాబుడ్డి యని గేలిచేయకుడు. ఆ యొక్క మాటకు జంకియే అద్దములను సంచిలో దాచుకొనువారు మన తరగతులలో నున్నారు. లేజరు సంగతి పెద్దవారైన పిమ్మట వారే నిర్ణయించుకొందురు. నల్లబల్ల మాత్రము నేడే కనబడవలెను.