చూపు నేర్పే యాత్ర

యాత్రలు మానవునికి కొత్తవి కావు. పుణ్యం కోసం, విద్య కోసం, వర్తకం కోసం పూర్వులు దేశాలు తిరిగారు. నేడు కేవలం చూడడం కోసమే విదేశాలకు వెళ్లేవారు అసంఖ్యాకులు. అయితే వారిలో నిజంగా చూసి వచ్చేవారు ఎందరు? వందలకొద్దీ చిత్రాలు ఫోనులో నింపుకొని, ఏ శిల్పం ఏ గోడమీద ఉందో చెప్పలేక ఇల్లు చేరేవారు కోకొల్లలు. ఈ లోపానికి చక్కని విరుగుడు మార్గదర్శకుని వెంట సాగే ఛాయాచిత్ర యాత్ర. అనుభవజ్ఞుడైన ఛాయాగ్రాహకుడు చిన్న బృందాన్ని వెంటబెట్టుకొని, ఒకేచోట కొన్ని రోజులు నిలిచి, వెలుగునూ నీడనూ పరిశీలించడం నేర్పుతాడు. ఆ యాత్ర వల్ల కలిగే అసలు లాభం చూపు పదునెక్కడమే.

కంబోడియాలోని అంగ్‌కోర్ వాట్ ఇందుకు మంచి నిదర్శనం. 12వ శతాబ్దంలో రెండవ సూర్యవర్మ విష్ణువునకు అంకితంగా నిర్మింపజేసిన ఈ మహాలయాన్ని 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. యాత్రికులు తెల్లవారకముందే కొలను గట్టుకు చేరి, సూర్యోదయాన్ని చిత్రించి వెళ్లిపోతారు. ఆలయం పడమటి ముఖంగా ఉన్నందున ఉదయం సూర్యుడు శిఖరాల వెనుక నుండి వస్తాడు. అప్పుడు కెమెరాకు అందేది నల్లని రూపరేఖ మాత్రమే. శిల్పసౌందర్యం చూడాలంటే ఎండ పడమటికి వాలిన తరువాత మళ్లీ రావాలి. మార్గదర్శకుడు బృందాన్ని సాయంత్రం తిరిగి అక్కడికే తీసుకువస్తాడు. ఉదయం చీకటిముద్దగా కనిపించిన గోడలు అప్పుడు బంగారువన్నెతో వెలుగుతాయి. ఒకే కట్టడం వేళను బట్టి ఇంతగా మారుతుందన్న ఎరుక ఏ పుస్తకం చదివినా ఇంత స్పష్టంగా కలుగదు.

పడమటి ప్రాకారమండపంలో కురుక్షేత్ర సంగ్రామం చెక్కబడి ఉంది. ఒకవైపు నుండి కౌరవసేన, మరొకవైపు నుండి పాండవసేన కదలివచ్చి నడుమ తలపడతాయి. అంపశయ్యపై భీష్ముడు కనిపిస్తాడు. కథ తెలియనివారికి అది సైనికుల గుంపు. తిక్కన తెనిగించిన భీష్మపర్వాన్ని ఎరిగిన విద్యార్థికి అది చిరపరిచితమైన ఘట్టం. తూర్పు మండపంలో దాదాపు 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం ఉంది. ఇటువంటి లోతు తక్కువ శిల్పాలపై ఎదురుగా ఫ్లాష్ వెలిగిస్తే ఎత్తుపల్లాలు చదునుగా కనిపిస్తాయి. ఏటవాలు వెలుగు పడితే రేఖలు ప్రాణం పోసుకుంటాయి. కథను సాహిత్యం చెబుతుంది. దానిని ఏ వేళ చూడాలో గురువు చెబుతాడు.

స్కాట్లండ్‌కు చెందిన జాన్ థామ్సన్ 1866లో ఈ ఆలయాన్ని చిత్రించాడు. ఆనాడు గాజుపలకపై రసాయనం పూసి, అది ఆరకముందే చిత్రం తీసి, అక్కడికక్కడే రూపం తేల్చవలసి ఉండేది. అంత శ్రమ ఉన్నచోట ముందు చూపు, తరువాతే చిత్రం. నేటి యంత్రం ఆ శ్రమను తొలగించింది. దానితోపాటు నిదానమూ పోయింది. మార్గదర్శకుడు తిరిగి ఇవ్వగలిగినది ఆ నిదానాన్నే.

ఈ యాత్ర మర్యాదను కూడా నేర్పుతుంది. అంగ్‌కోర్ పరిరక్షణాధికారులు 2015లో సందర్శకులకు ప్రవర్తనా నియమావళిని ప్రకటించారు. శిల్పాలను తాకరాదు, బౌద్ధ భిక్షువుల చిత్రం తీసేముందు అనుమతి కోరాలి. మనిషి ముఖం దారిలో దొరికిన వస్తువు కాదని గ్రహించినవాడే ఉత్తమ ఛాయాగ్రాహకుడు.

ఇది ధనవంతుల వినోదమని కొందరు ఆక్షేపిస్తారు. ఖర్చు అధికమన్న మాట నిజమే. అందరూ ఒకే గురువు వెంట నడిస్తే అందరి చిత్రాలూ ఒకే తీరుగా ఉంటాయన్న విమర్శలోనూ కొంత సత్యముంది. చేయి పట్టి అక్షరాలు దిద్దించిన గురువు తరువాత చేయి వదులుతాడు. అలా వదలలేని మార్గదర్శకుని వెంట వెళ్లడం ధనవ్యయమే. పది దేశాలను పది రోజులలో చుట్టివచ్చే విహారం కన్న, ఒకే ఆలయం ముందు ఓపికగా నిలబెట్టే యాత్రకు చేసే ఖర్చు సార్థకం.

పైగా అక్కడ నేర్చిన విద్య అక్కడే ఆగిపోదు. 1213లో రూపుదిద్దుకొని, 2021లో ప్రపంచ వారసత్వ హోదా పొందిన రామప్ప దేవాలయం తూర్పు ముఖంగా ఉంది. దాని చూరు కింది నల్లరాతి మదనికలపై వెలుగు ఏ వేళ ఎలా వాలుతుందో గమనించినవారు ఎందరు? విదేశయాత్రకు స్తోమత లేని విద్యార్థి సైతం తన ఊరి గుడిని ఉదయమొకసారి, సాయంత్రమొకసారి నిలిచి చూడవచ్చు. దూరదేశంలో పొందిన చూపు సొంత ఊరిని కొత్తగా చూపినప్పుడే ఆ యాత్ర సఫలమవుతుంది.