డాక్టరేటు కాదు, పదేళ్లు

సంపాదకుడు గారికి,

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి మీ పత్రికలో రాసిన ఒక పాఠకుడు, ఇలాంటి ఫ్యాక్టరీలను చూసే శాఖలు శాస్త్రవేత్తల చేతికిస్తే తప్ప బాగుపడవన్నారు. రుజువుగా డాక్టర్ కె.ఎల్. రావు పేరు చెప్పారు. పేరు సరైనదే. ఆయన నుంచి తీసిన పాఠమే సరిగా లేదని ఈ ఉత్తరం.

కానూరి లక్ష్మణరావు 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. 1939లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేశారు. కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో ఆనకట్టల డిజైన్లు చూశారు. నాగార్జునసాగర్ రాతి ఆనకట్టగా లేవడంలో ఆయన పాత్ర పెద్దది. యంత్రాలకన్నా మనుషుల చేతులకు ఎక్కువ పని దొరికిన కట్టడం అది.

ఇంతవరకు అందరూ చెబుతారు. ఆ తర్వాతిది చాలామంది దాటేస్తారు. 1962లో ఆయన విజయవాడ నుంచి పోటీ చేసి లోక్‌సభకు వెళ్లారు. 1967లోనూ, 1971లోనూ గెలిచారు. 1963 నుంచి 1973 దాకా నీటిపారుదల, విద్యుత్ శాఖలోనే మంత్రిగా ఉన్నారు. పదేళ్లు ఒకే శాఖలో ఉన్న మనిషికి ‘అది నా ముందున్నాయన నిర్వాకం’ అని తప్పించుకునే వీలుండదు. ఐదేళ్లకోసారి విజయవాడ వెళ్లి ఓటు అడగాలి కూడా.

చదువొక్కటే చాలితే రాజా రామన్న సంగతేమిటి? 1974 పోఖ్రాన్ అణుపరీక్షను ముందుండి నడిపించిన మనిషి. 1990లో రక్షణ శాఖ సహాయమంత్రి అయ్యారు. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వమే పడిపోయింది, కుర్చీ కుదురుకోకముందే దిగిపోయారు. అదే ప్రభుత్వంలో శాస్త్ర సాంకేతిక శాఖ చూసిన ఎం.జి.కె. మేనన్‌దీ అదే కథ. తెలివికి లోటు లేదు, గడువే లేదు.

పైగా నిపుణుడి లెక్క ప్రతిసారీ నిలబడదు. కె.ఎల్. రావు గారి గంగా-కావేరి అనుసంధానమే తీసుకోండి. పాట్నా దగ్గర 60,000 క్యూసెక్కులు మళ్లించి 2,640 కిలోమీటర్లు నడిపించాలన్న ఆలోచన. ఖర్చును మరీ తక్కువ చేసి చూపారని, నీళ్లు ఎత్తిపోయడానికి బోలెడు కరెంటు కావాలని జల నిపుణులే దాన్ని పక్కన పెట్టారు. పెద్దాయన కదా అని ఊరుకోలేదు. అలా అడ్డుచెప్పే వ్యవస్థ ఉండబట్టే ఆయన మీద గౌరవం తగ్గలేదని నేననుకుంటాను.

ఇక మన చెరుకు. దీని లెక్క నెలల్లో తేలేది కాదు. ఒకసారి ముచ్చె నాటితే మొక్క తోట, దాని వెనక కార్శి తోట, రైతు రెండు మూడేళ్లు ఆ మడికి కట్టుబడతాడు. నరికిన గడ రెండు రోజులు ట్రాక్టర్ ట్రాలీలో ఎండితే తూకమూ పోతుంది, చక్కెర శాతమూ పోతుంది. శక్కర్‌నగర్‌లో బోధన్ ఫ్యాక్టరీ గేటు ముందు వరుసలో నిలబడ్డ ప్రతి రైతుకూ ఇది తెలుసు. 2002లో ఫ్యాక్టరీలో ప్రైవేటుకు పెద్ద వాటా ఇచ్చారు, 2015 డిసెంబరులో తాళం పడింది. చెరుకు మడులు చాలావరకు వరి మడులయ్యాయి. ఇప్పుడు ‘చెరుకేది?’ అని ఫ్యాక్టరీ వైపు వాళ్లు, ‘ఫ్యాక్టరీ ఏది?’ అని రైతులు. 2024లో మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీ వేశారు, మంచిదే. కానీ ఫ్యాక్టరీ పరిశ్రమల శాఖది, విత్తనం వ్యవసాయ శాఖది, నీళ్లు నీటిపారుదల శాఖవి. మన మడులకు నీళ్లిచ్చే నిజాంసాగర్ మొదట్లో దాదాపు 30 టీఎంసీల జలాశయం, పూడిక చేరి 18 లోపుకు వచ్చింది. ఆ నీళ్లలో చెరుకుకు ఎంత, వరికి ఎంత అన్నది ఎవరు తేలుస్తారు?

కాబట్టి శాస్త్రవేత్తే రావాలని మేం పట్టుపట్టడం లేదు. ఈ మూడు శాఖల పనీ ఒక మనిషికి అప్పగించి ఐదేళ్లు కదపకండి. ప్రతి క్రషింగ్ సీజన్‌కు ముందు ఆ మనిషి బోధన్ వచ్చి, ఎన్ని ఎకరాల్లో నాటించారో, టన్నుకు ఎంతిస్తారో, డబ్బులు ఏ తారీఖున పడతాయో రైతుల ముందు చెప్పాలి. మొదటి సమావేశం వచ్చే నాట్లకు ముందే పెట్టండి.

– ఒక చెరుకు రైతు,
బోధన్, నిజామాబాద్ జిల్లా