మురుగు కాలువకు మందు కాదు, మనుషులు కావలెను

పొదిలి ప్రాంతము మెట్ట. నీటి కొరకు ఆకాశము వైపు చూచు రైతులకు మురుగు కాలువను గూర్చి చెప్పుట వింతగా తోచవచ్చును. కాని అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను వాన పడి మిరప చేనిలో రెండు రోజులు నీరు నిలిచినచో ఏమగునో వారికి నేను చెప్పనక్కరలేదు. వాన వెలిసి ఎండ కాయగానే మొక్కలు తలలు వాల్చును. వేళ్లు కుళ్లిన మిరపను ఏ మందును లేపజాలదు. ఆ నీటిని తీసికొనిపోవలసిన కాలువ మాత్రము జమ్ముతోను, తూటికాడతోను, గుర్రపు డెక్కతోను నిండి యుండును.

దీనికి సులువైన ఉపాయమని కొందరు 2,4-డి కలుపుమందును కాలువలో చల్లుచున్నారు. అది గుర్రపు డెక్కను చంపుననుట నిజమే. అయినను ప్రత్తి, మిరప చేల మధ్య ఇది చేయరాని పని యని నా అభిప్రాయము. ప్రత్తి ఈ మందును ఏ మాత్రమును ఓర్వలేదు. ఒకసారి ఒక రైతు నన్ను తన చేనికి తీసికొనిపోయి, “ఆఫీసరుగారూ, ఇది వైరస్ తెగులే గదండీ?” అని అడిగినాడు. ఆకులు బెండాకువలె చీలి, వేళ్లవలె సన్నబడినవి. అప్పటికే రెండు మందులు కొట్టినాడట. తెగులు కాదు, కాలువ గట్టున కొట్టిన 2,4-డి గాలికి చేనిపై పడినది. అదే స్ప్రేయరును సరిగా కడుగక పైరుపై వాడినను ఇట్లే జరుగును. పైగా చచ్చిన డెక్క కాలువలోనే కుళ్లి అడుగున పూడికయగును. అనగా కాలువ పూడనే పూడినది, చేను చెడనే చెడినది.

డెక్కను తిను ముక్కుపురుగులను 1983లో బెంగుళూరులో విడిచిరి. అవి నిత్యము నీరుండు చెరువులకు తగును గాని, వేసవిలో ఎండు మన కాలువలకు కాదు.

మిగిలినది చేతి పనియే. జమ్మును నీటిమట్టమునకు పైన కోసిన మరల చిగుర్చును. నీరున్నప్పుడు అడుగుకంట కోసి, కోసిన మోడు నీటిలో మునిగి యుండునట్లు చూచినచో, దుంపకు గాలి అందక కుళ్లిపోవును. తూటికాడను నరికి తడిగట్టుపై పారవేయుట నాటుటతో సమానము. ప్రతి ముక్కయు వేరు తన్నును. దానిని మిట్టనేలపై ఎండబెట్టి కాల్చవలెను. గుర్రపు డెక్కను పూతకు ముందే లాగవలెను. దాని విత్తనము బురదలో పదిహేను, ఇరవై ఏండ్లు బ్రతికి యుండును. లాగిన డెక్కను వాడనిచ్చి పేడతో కలిపి గోతిలో వేసిన మంచి ఎరువగును. మందు కొట్టినదానిని మాత్రము ఎరువుకు వాడరాదు.

ఇక అసలు చిక్కు. ఎవరి చేని పక్క వారు బాగుచేసికొని, డెక్కను దిగువకు నెట్టుట మనకు అలవాటు. దిగువ రైతుతో తగవు, మరుసటి ఏట మరల అదే కలుపు. బెంగాలులో 1936లో గుర్రపు డెక్కపై చట్టమే చేసి, ఎవరి భూమిలోని డెక్కను వారు తీయవలెనని నిర్బంధించిరి. మనకు చట్టము దాకా పోనక్కరలేదు. పంచాయతీ కార్యదర్శియు, గ్రామ రెవెన్యూ అధికారియు మే నెలలో ఒక రోజు నిర్ణయించి, కాలువ వెంటనున్న రైతులనందరిని పిలిచి, దిగువ కొన నుండి ఎగువకు పని నడిపింపవలెను. దిగువ తెరచిన గాని ఎగువ నీరు కదలదు. తూముల నోళ్లు ముందు తీయించవలెను. తీసిన కలుపును గట్టుపై గాక, వాన నీరు మరల కాలువలోనికి ఈడ్చని దూరమున పోయించవలెను.