కుంటాల మనదే, కాపలా కూడా మనదే

వానలు పడ్డయంటే చాలు, బండ్లన్నీ నిర్మల్ దాటి ఆదిలాబాద్ తొవ్వ పడతయి. మొన్నటి ఆదివారం మేమూ పోయినం. నేరడిగొండ దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి దిగి, టేకు అడవిల పన్నెండు కిలోమీటర్లు పోతే కుంటాల. మెట్లు దిగుతుంటే ముందు చప్పుడు వినబడుతది, తర్వాతే నీళ్లు కనబడతయి. గుట్టల నడుమ ఇరుకైన లోయలోకి కడెం వాగు 147 అడుగుల ఎత్తు నుంచి అంచెలంచెలుగా దుంకుతున్నది. ఆ తుంపర మొఖానికి తగిలితే ఎవరికైనా కడుపు నిండుతది.

ఉమ్మడి రాష్ట్రంలో అందాలంటే అరకు పేరే వినబడేది. మా నీళ్లకే కాదు, మా జలపాతాలకు కూడా చోటు లేదా అని ఉద్యమ రోజుల్లో మేం అడిగినం. 2014లో రాష్ట్రం వచ్చింది. కుంటాలకు జనమూ వచ్చిండ్రు. మరి ఇప్పుడు మనం అడగవలసింది ఎవరిని?

మేం పోయిన రోజు హెచ్చరిక బోర్డు పక్కనే నిలబడి ఫొటోలు దిగుతున్నరు. నలుగురు కాలేజీ పిల్లలు గుండం అంచుదాకా పోయిండ్రు. ఒక గోండు పెద్దాయన, "దిగకుండ్రి బిడ్డా, నీళ్లు లోపటికి గుంజుతయి" అని మొత్తుకుంటున్నడు. ఆయనకు జీతం లేదు, యూనిఫారం లేదు. పిల్లలు నవ్విండ్రు. అదృష్టం బాగుండి వెనక్కి వచ్చిండ్రు. రానోళ్ల వార్తలు మనం ఎన్నిసార్లు చదవలేదు?

ఆ పెద్దాయన చెప్పింది భయం కాదు, అనుభవం. నురగ కింద రాతి గుంటలుంటయి, బండలకు పాకురు పట్టి ఉంటది. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే వాగు ఒక్కసారిగ పెరుగుతది. ఈత వచ్చినోడు కూడా ఆ సుడిల నిలవడు.

ఏం చేయాలె? వరద ఉన్న రోజు మెట్ల దారి మూసెయ్యాలె. గుండం చుట్టూ గట్టి గొలుసులుండాలె. ఆ వాగు గుణం తెలిసిన చుట్టుపక్క గూడేల యువకులకే ఏడాది పొడుగునా జీతమిచ్చి కాపలా పెట్టాలె. టికెట్ల పైసల్లో ఆ ఊర్లకు వాటా రావాలె. సీసాలు, ప్లాస్టిక్ మెట్లకాడనే ఆపాలె. అక్కడ సోమేశ్వరుడున్నడు, శివరాత్రికి జాతర జరుగుతది. మనకు పిక్నిక్ అయినది వాళ్లకు గుడి. ఆ నీళ్లే కిందికి పోయి కడెం ప్రాజెక్టు నింపుతయి, పొలాలు పండిస్తయి.

అధికారుల బాధ్యత అధికారులది. మన బాధ్యత మనది. రాష్ట్రం కోసం బిడ్డలను పోగొట్టుకున్న నేల ఇది. ఒక ఫొటో కోసం ఇంకో బిడ్డను పోగొట్టుకోవద్దు. కుంటాల మనదని కొట్లాడి చెప్పుకున్నం. మనదన్నప్పుడు కాపాడుకునుడూ మన పనే. పోండ్రి, కండ్ల నిండా చూడుండ్రి, ఇంటికి తిరిగి రండ్రి.